సంతకం పెట్టే ముందు బండిని పగటి వెలుగులో చూడండి

సందేహం: మాది గుంటూరు. రెండు నెలల కిందట విజయవాడ నుంచి వస్తుండగా కాజా టోల్‌గేట్ దాటాక ముందున్న లారీ సడన్ బ్రేక్ వేసింది. మా కారు దాన్ని గుద్దుకుంది. బానెట్, రేడియేటర్, ఎడమవైపు ముందు చక్రం దగ్గర బాగా దెబ్బతిన్నాయి, ఎయిర్ బ్యాగులు తెరుచుకున్నాయి. క్యాష్‌లెస్ కింద విజయవాడ ఆటోనగర్‌లోని ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చాం. ఇప్పుడు ‘బండి రెడీ, మీ వాటా 14,600 కట్టి, పని తృప్తిగా ఉందని సంతకం పెట్టి తీసుకెళ్ళండి’ అంటున్నారు. సంతకం పెడితే తర్వాత ఏం తేలినా అడగడానికి ఉండదని మా బావ అంటున్నాడు. పైగా బిల్లులో ఎక్కువ భాగం ఇన్సూరెన్స్ వాళ్ళే కట్టారు. అసలు అడిగే హక్కు నాకుందా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. హక్కు ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వినియోగదారుడంటే డబ్బు కట్టినవాడు ఒక్కడే కాదు. కట్టినవాళ్ళ అనుమతితో ఆ సేవను పొందినవాడు కూడా వినియోగదారుడే. పాలసీ మీది, ప్రీమియం మీరు కట్టారు, బండి మీది. పనిలో లోపం ఉంటే వర్క్‌షాప్‌ను అడగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సంతకం సంగతి. మీ బావ భయంలో కొంత నిజముంది గానీ పూర్తిగా కాదు. క్లెయిమ్ డబ్బు తేలిపోయిందని బీమా కంపెనీకి రాసిచ్చే డిశ్చార్జ్ వోచర్ మీద సంతకం పెట్టినంత మాత్రాన, ఎక్కువ పరిహారం కోరుతూ కోర్టుకు వెళ్ళే పాలసీదారుడి హక్కు పోదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. ఒత్తిడితోనో మోసంతోనో పెట్టించిన సంతకం అడ్డు కాదని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. ఇవి బీమా కంపెనీకి ఇచ్చే కాగితం గురించిన మాటలు. వర్క్‌షాప్‌కు ఇచ్చే డెలివరీ కాగితం వేరు. దాని మీద ‘అన్నీ సరిగ్గా ఉన్నాయి’ అని ఒప్పుకుంటే రేపు అదే కాగితం మీకు ఎదురుగా నిలబడుతుంది. కేసు ఓడిపోతారని కాదు, ఆ ఒక్క వాక్యానికి జవాబు చెప్పుకోవడానికే ఏడాది పడుతుంది. అందుకే సంతకం పైన మీ చేత్తో మీరు చూసిన లోపాలు రాయండి. ఏమీ కనిపించకపోతే ‘పైకి కనిపించినంతవరకు చూశాను, లోపలి పని పరీక్షించలేదు’ అని రాయండి. రాయనివ్వకపోతే అక్కడే నిలబడి అదే మాట వర్క్‌షాప్ నంబరుకు వాట్సాప్‌లో, బీమా కంపెనీకి మెయిల్‌లో పంపండి.

సాయంత్రం పూట మాత్రం వెళ్ళొద్దు. నేనే ఒకసారి చీకటి పడ్డాక ట్యూబ్‌లైట్ వెలుగులో మా కారు తెచ్చుకున్నాను. తెల్లారి చూస్తే డోరు ఒక రంగు, ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) ఒక రంగు. ఉదయం పదింటికి వెళ్ళండి. ఎండలో పక్కనుంచి చూస్తే షేడ్ తేడా, పుట్టీ ఎగుడుదిగుళ్ళు బయటపడతాయి. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు రెండువైపులా సమానంగా ఉందా చూడండి. ఇనుప రేకు ఉన్నచోట చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. పట్టు బాగా తగ్గితే కింద మందంగా పుట్టీ ఉందన్నమాట. తర్వాత ట్రయల్ అడగండి. తిన్నని రోడ్డు మీద స్టీరింగ్‌ను తేలిగ్గా పట్టుకుంటే బండి ఎడమకో కుడికో లాగకూడదు, బ్రేక్ వేసినా లాగకూడదు. చక్రం దగ్గర దెబ్బ తగిలిన బండి కాబట్టి వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు ప్రింటు తీసుకోండి.

ఎయిర్ బ్యాగుల దగ్గర మాత్రం ఎవరి మాటా నమ్మొద్దు. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్ బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. వెలిగి అలాగే ఉన్నా తప్పే, అసలు వెలగకపోయినా తప్పే. సరిగ్గా వెలిగి ఆరినా పని అయిపోలేదు. కొత్త బ్యాగు పెట్టకుండా చిన్న రెసిస్టర్‌తో సిస్టమ్‌ను మభ్యపెట్టే మోసం ఉంది. బిల్లులో ఎయిర్ బ్యాగుల పార్ట్ నంబర్లు అడగండి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చూపే స్కానర్ రిపోర్టు అడగండి. గుద్దుకున్నప్పుడు సీటు బెల్టును బిగించే ప్రీటెన్షనర్ ఒకసారి పేలితే మళ్ళీ పనికిరాదు, మార్చారా లేదా అడగండి. బంపర్ గీతకు కోర్టు డబ్బు ఇప్పించగలదు. ఎయిర్ బ్యాగు తెరుచుకోక పోయిన ప్రాణాన్ని ఏ కోర్టూ తెచ్చివ్వలేదు.

మార్చామని బిల్లు వేసి పాతదాన్నే సరిచేసి బిగించడం ఇంకో రకం మోసం. బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసిన సర్వేయర్ రిపోర్టు కాపీ, ఫైనల్ బిల్లు పక్కపక్కన పెట్టి చదవండి. తీసేసిన పాత పార్టులు చూపించమని అడిగి ఫొటోలు తీయండి. క్లెయిమ్ బండి కాబట్టి వాటిని ఇంటికి తీసుకెళ్ళనివ్వకపోవచ్చు, చూపించడానికి అభ్యంతరం ఉండకూడదు.

‘డబ్బు కట్టకపోతే బండి ఇవ్వం’ అంటారేమో. 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం పని చేసినవాడికి కూలి అందేదాకా వస్తువును అట్టిపెట్టుకునే హక్కు ఉంది. అప్పగించిన పని అప్పగించినట్టు చేస్తేనే ఆ హక్కు. అయినా 14,600 కోసం బండిని షెడ్డులో వదిలేయమని నేను చెప్పను. నగదు ఇవ్వకుండా యూపీఐలో కట్టి, అభ్యంతరాలతో కడుతున్నానని రాతలో పెట్టండి.

లోపం ఇంటికి వచ్చాక తేలితే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కోపంతో పక్క మెకానిక్ దగ్గర బాగు చేయించేస్తారు. సాక్ష్యం అక్కడే పోతుంది. ముందు వేరే అధీకృత సర్వీస్ సెంటర్‌లోనో లైసెన్సు ఉన్న సర్వేయర్‌తోనో పరీక్ష చేయించి రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. ఫొటోలు తీసిన ఫోన్ మార్చొద్దు, ఒరిజినల్ ఫైళ్ళు చెరపొద్దు. అవి ఏ ఫోన్‌తో తీసినవో చెప్పే సర్టిఫికెట్ కోర్టులో జత చేయాల్సి వస్తుంది. రిపోర్టు జత చేసి వర్క్‌షాప్‌కు, బీమా కంపెనీకి పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఆ తర్వాతే చేయి పెట్టించండి.

కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. దీని కోసం విజయవాడ తిరగక్కర్లేదు, మీరు నివసించే గుంటూరులోనే వేయవచ్చు. సేవ విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. క్యాష్‌లెస్ కాబట్టి వర్క్‌షాప్‌తో పాటు బీమా కంపెనీనీ ప్రతివాదిగా చేర్చండి, ఎవరి బాధ్యత ఎంతో కమిషన్ తేలుస్తుంది. ముందుగా 1915కు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, కొన్నిసార్లు అక్కడే పరిష్కారం అవుతుంది. గొడవ క్లెయిమ్ డబ్బు కోత గురించి అయితే దారి వేరు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అక్కడ తేలకపోతే పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. అక్కడా ఫీజు లేదు, లాయరూ అవసరం లేదు.