మందు పెంచిన కొద్దీ లెట్యూస్ పసుపెక్కుతోంది, ఎందుకు?

సందేహం: షేడ్‌నెట్ కింద, మట్టి లేకుండా ఎరువు నీళ్లు పారే పైపుల్లో లెట్యూస్ (సలాడ్ ఆకుకూర) వేశాను సార్. 1,000 లీటర్ల ట్యాంకు, బోరు నీళ్లు. లేతాకులు పసుపెక్కుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. బలం చాలడం లేదేమోనని 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) అర కిలో, కాల్షియం నైట్రేట్ అర కిలో ట్యాంకులో కలిపాను. ఇప్పుడు ఆకుల అంచులు మాడుతున్నాయి, ట్యాంకు అడుగున సున్నంలా తెల్లటి మడ్డి పేరుకుంది. ఈసీ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 2.6, పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 7.6 చూపిస్తోంది. ఒట్టి బోరు నీళ్ల ఈసీయే 0.9. ఇంకేం వేయమంటారు?
– ఒక రైతు, పెనమలూరు, విజయవాడ

సమాధానం: ఇంకేమీ వేయకండి. మీరు రాసిన అంకెల్లోనే జబ్బు కనిపిస్తోంది. లెట్యూస్‌కు పీహెచ్ 5.8 నుంచి 6.2 మధ్య ఉండాలి. మీది 7.6. అంత పీహెచ్‌లో ఇనుము ట్యాంకులో ఉన్నా వేరు తీసుకోలేదు. ఇనుము ముదురాకు నుంచి లేతాకుకు కదలదు కాబట్టి పసుపు కొత్త ఆకుల్లోనే, ఈనెల మధ్యన కనిపిస్తుంది. నత్రజని చాలకపోతే ముందు అడుగు ఆకులు పండేవి.

పీహెచ్ ఎందుకు పెరిగిందంటే, బోరు నీళ్లలోని బైకార్బొనేట్లనే క్షార లవణాల వల్ల. ఈ రోజు యాసిడ్‌తో దించినా రేపటికి మళ్లీ ఎక్కుతుంది. అందుకే రోజూ పొద్దున్నే చూడాలి. మీటర్‌ను పీహెచ్ 4, 7 బఫర్లలో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో) ముంచి సరిచూసుకోవడం మరవకండి. తప్పు మీటర్‌ని నమ్మి మందు వేసిన వాళ్లని చాలామందిని చూశాను.

19:19:19 పొలంలో మంచి మందే, ఇక్కడ మాత్రం పనికిరాదు. అందులో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలో దాన్ని మొక్క తీసుకునే రూపంలోకి మార్చే సూక్ష్మజీవులు పైపుల్లో అంతగా ఉండవు. పైగా యూరియా ఈసీ మీటర్‌కు కనబడదు, కాబట్టి మీ 2.6లో అది లెక్కకే రాలేదు. ఇక ఆ మడ్డి, మీరు డబ్బు పెట్టి కొన్న కాల్షియం, భాస్వరమే. రెండూ కలిసి గడ్డకట్టి అడుగున కూర్చున్నాయి. అంచులు మాడడం ఉప్పు ఎక్కువైన లక్షణం.

ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, సగం బోరు నీళ్లు, సగం ఆర్‌ఓ నీళ్లు నింపండి. ముందు ఫాస్ఫారిక్ యాసిడ్ కొంచెం కొంచెంగా వేసి పీహెచ్ 6కి తెచ్చాకే ఎరువులు కలపాలి. చేతులకు గ్లౌజులు ఉండాలి. నీళ్లలోనే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు.

1,000 లీటర్లకు కాల్షియం నైట్రేట్ 600 గ్రాములు ఒక బకెట్‌లో కరిగించండి. పొటాషియం నైట్రేట్ (13:0:45) 300, మోనో పొటాషియం ఫాస్ఫేట్ (0:52:34) 150, మెగ్నీషియం సల్ఫేట్ 350 గ్రాములు ఇంకో బకెట్‌లో. ఈ రెండు బకెట్లూ చిక్కగా ఉన్నప్పుడు కలవకూడదు. ఒకటి ట్యాంకులో పోసి, నీళ్లు బాగా తిప్పి, తర్వాతే రెండోది. ఇనుము డీటీపీఏ (ఇనుమును నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే పదార్థం) రూపంలో 20 గ్రాములు చాలు. ఈడీటీఏ రకం చవకే కానీ పీహెచ్ 6.5 దాటితే నిలవదు, మీ బోరుతో అది రిస్కు. మిగతా సూక్ష్మ పోషకాలు ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వేయండి. ఈసీ 1.6 నుంచి 1.8 మధ్య ఆగుతుంది. నీటి పరీక్ష రిపోర్టు వస్తే కాల్షియం, మెగ్నీషియం ఇంకా తగ్గించుకోవచ్చు.

ఇప్పటికే పసుపెక్కిన ఆకులు పూర్తిగా తేరుకోకపోవచ్చు. కొత్తగా వచ్చే ఆకు పచ్చగా ఉందా అనేదే చూడండి.

ఎండ ముదిరితే మొక్క ఎరువు కన్నా నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఈసీ దానంతట అదే ఎక్కుతుంది. అప్పుడు ఒట్టి నీళ్లే పోయండి, 1.2 దగ్గర ఉంచినా నష్టం లేదు. మన ఎండలకు ట్యాంకు వేడెక్కితే ఇంకో చిక్కుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే. వేర్లు గోధుమ రంగుకు తిరిగి కుళ్లేది అప్పుడే. ట్యాంకును నేలలో దించండి, లేదా తడి గోనెపట్టా చుట్టండి. గాలి పంపు రాత్రుళ్లు కూడా నడవాలి.

రెండు వారాలకోసారి ద్రావణం మార్చేయండి. తీసిన పాత ద్రావణాన్ని కాలువలోకి వదలకుండా, నీళ్లు కలిపి కొబ్బరి చెట్లకు పెట్టండి.