కంప్యూటర్ ఆఫ్ చేసినా ఆ చిప్ మేలుకునే ఉంటుందా?

ప్రశ్న: ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లో ఇంకో బుల్లి కంప్యూటర్ దాక్కుని ఉంటుందని, ఆఫ్ చేసినా అది నడుస్తూనే ఉంటుందని, అమెరికా నిఘా వాళ్లు అందులోంచే అందరివీ చూస్తారని మా ఫ్రెండ్ ఒకటే గొడవ. నవ్వి ఊరుకున్నా గానీ తర్వాత చదివితే సగం నిజమేనేమో అనిపిస్తోంది. అసలు సంగతేంటండీ?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పిన మూడు ముక్కల్లో మొదటి రెండూ చాలావరకు నిజమే, మూడోదాన్ని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ రుజువు చెయ్యలేదు. దాని పేరు మేనేజ్‌మెంట్ ఇంజిన్, అందరూ ఎమ్ఈ అంటారు, 2008 తర్వాత వచ్చిన ఇంటెల్ చిప్‌సెట్లలో దాదాపు అన్నిట్లో ఉంది. దానికి సొంత ప్రాసెసర్, సొంత సాఫ్ట్‌వేర్, మీరు విండోస్ పీకేసి లైనక్స్ వేసుకున్నా దానికేం పట్టదు, ప్లగ్‌లో కరెంటు ఉంటే చాలా మెషీన్లలో మేలుకునే ఉంటుంది. కొత్త వాటిల్లో మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోందని 2017లో అందరికీ తెలిసింది. ఆ మినిక్స్ తయారుచేసిన ప్రొఫెసర్ టానెన్‌బామ్, ఇన్ని కంప్యూటర్లలో పెట్టారు కదా నాకో మాట చెప్పుంటే బాగుండేది అని ఇంటెల్‌కి బహిరంగ లేఖ రాశాడు పాపం.

ఎందుకు పెట్టారయ్యా అంటే, కంపెనీలు చెప్పే కారణం కూడా అబద్ధమేం కాదు. ఆఫీసుల్లో వందల మెషీన్లని ఐటీ వాళ్లు కుర్చీలోంచి లేవకుండా ఆన్ చేసి రిపేర్ చేసుకోవడానికి ఏఎమ్‌టీ అనే సౌకర్యం ఉంది, అది ఈ ఎమ్ఈ మీదే నడుస్తుంది. 2017 మేలో అందులో ఒక కంత బయటపడింది, అది వింటే మీకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. లాగిన్ అయ్యేటప్పుడు అవతలివాడు పంపిన జవాబుని లోపలున్న సరైన జవాబుతో పోల్చాలి కదా, ఆ ప్రోగ్రామ్ ఏం చేసేదంటే అవతలివాడు ఎన్ని అక్షరాలు పంపితే అన్నే పోల్చేది. వాడు అసలేమీ పంపకుండా ఖాళీగా పెడితే? సున్నా అక్షరాలు పోల్చి, అన్నీ సరిపోయాయి రండి అని లోపలికి పంపేసేది! ఏళ్ల తరబడి అలాగే ఉంది. ఇది కావాలని పెట్టిన దొడ్డిదారా లేక ఎవడో ప్రోగ్రామర్ నిర్లక్ష్యమా అంటే నేనైతే నిర్లక్ష్యమనే అంటా, కానీ బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా ఉంటాయి, అనుమానం చావకపోవడానికి అసలు కారణం అదే.

ఇంకో ముచ్చట. అదే ఏడాది ఆగస్టులో పాజిటివ్ టెక్నాలజీస్ అనే సంస్థ రీసెర్చర్లు ఈ ఎమ్ఈని తొలి దశలోనే ఆపేసే ఒక రహస్య సెట్టింగ్ కనిపెట్టారు. దాని పేరు హ్యాప్, అంటే హై అస్యూరెన్స్ ప్లాట్‌ఫామ్, అది అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏకి సంబంధించిన ప్రోగ్రామ్ పేరు. అమెరికా ప్రభుత్వ అవసరాల కోసమే పెట్టామని ఇంటెల్ కూడా ఒప్పుకుంది. చూశారా, వాళ్లే తమ మెషీన్లలో ఎమ్ఈ వద్దనుకున్నారు. దీన్ని పట్టుకుని చూశావా వాళ్లకి అంతా తెలుసు అనేవాళ్లూ ఉన్నారు, అది వాళ్ల కీలుబొమ్మే అయితే వాళ్లెందుకు భయపడతారు అనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండో మాటే కాస్త సబబుగా ఉంది, కానీ ఆ స్విచ్ మామూలు కొనుగోలుదారుకి ఎందుకివ్వరు అన్న ప్రశ్నకి మాత్రం నాకు నచ్చే జవాబు ఎవరూ చెప్పలేదు.

ప్రశ్న: ఇవన్నీ అనుమానాలే కదా సార్, నిజంగా ఎవరైనా హార్డ్‌వేర్‌లో దొడ్డిదారి పెట్టి దొరికిపోయారా?

జవాబు: ఎందుకు దొరకలేదు! స్విట్జర్లాండ్‌లో క్రిప్టో ఏజీ అని రహస్య సందేశాల మెషీన్లు అమ్మే కంపెనీ ఉండేది, వందకి పైగా దేశాలు కొన్నాయి, మన దేశమూ పాకిస్తానూ రెండూ ఆ లిస్టులో ఉన్నాయి. 1970లో దాన్ని సీఐఏ, పశ్చిమ జర్మనీ నిఘా సంస్థ కలిసి గుట్టుగా కొనేసుకున్నాయని 2020 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. అంటే రహస్యం దాచుకోవడానికని డబ్బులిచ్చి మరీ ఆ దేశాలు కొనుక్కున్నది వినేవాడి మెషీన్నే.

ఇంకోటి, ఎన్ఎస్ఏ గుట్టు బయటపెట్టిన స్నోడెన్ ఇచ్చిన పత్రాల్లో, ఆ సంస్థ వాళ్లు నెట్‌వర్క్ పరికరాలమ్మే సిస్కో కంపెనీ పంపిన, దారిలో ఉన్న పార్సెల్ డబ్బాని జాగ్రత్తగా విప్పుతున్న ఫోటో ఉంది, 2014లో అచ్చయింది, లోపల తమ నిఘా ఏర్పాటు పెట్టి మళ్లీ ప్యాక్ చేసి పంపేసేవారు. ఆ తర్వాత కొందరు కస్టమర్ల కోసం సిస్కో వేరే అడ్రసులకి సరుకు పంపడం మొదలెట్టింది, ఎవరికి పోతోందో తెలియకుండా.

అయితే 2018లో బ్లూమ్‌బెర్గ్ వార్తాసంస్థ రాసిన సూపర్‌మైక్రో కథని, అంటే ఆ కంపెనీ సర్వర్ బోర్డుల్లో చైనా వాళ్లు బియ్యపుగింజంత చిప్ పెట్టారన్నది, ఇదే గాటన కట్టకండి. యాపిల్, అమెజాన్ గట్టిగా కొట్టిపారేశాయి, అలాంటి బోర్డు ఒక్కటి కూడా బహిరంగంగా ఎవరూ చూపించలేదు.

ప్రశ్న: టెర్రరిస్టుల్ని పట్టుకోవడానికి ప్రభుత్వం ఒక దారి పెట్టుకుంటే తప్పేంటి? తప్పు చేయనివాడికి భయమెందుకు?

జవాబు: కంచే చేను మేస్తే ఏంటి అన్న సంగతి పక్కన పెడదాం, ప్రభుత్వం బుద్ధిగానే ఉందనుకుందాం. ఆ దారి ప్రభుత్వం ఒక్కదానికే తెరుచుకుంటుందని ఎవరు చెప్పారు? గ్రీస్‌లో పోలీసుల కోసం ఫోన్ ఎక్స్ఛేంజ్ మెషీన్లలో ఉన్న వినే సౌకర్యాన్నే గుర్తుతెలియని వాళ్లెవరో 2004లో ఆన్ చేసి సాక్షాత్తు ప్రధానమంత్రి ఫోన్‌తో సహా వందకి పైగా ఫోన్లు విన్నారు. జూనిపర్ కంపెనీ నెట్‌వర్క్ బాక్సుల కథ ఇంకా ఘోరం. వాటిల్లో సందేశాల్ని దాచే రహస్య తాళాల కోసం డ్యుయల్ ఈసీ అనే, ఊహకందని (రాండమ్) నంబర్లు పుట్టించే పద్ధతి ఉండేది, అందులో ఒక నంబర్ వెనకున్న లెక్క తెలిసినవాడు తర్వాత వచ్చే నంబర్లన్నీ ఊహించగలడని 2007లోనే ఇద్దరు మైక్రోసాఫ్ట్ వాళ్లు చెప్పారు, అది ఎన్ఎస్ఏ ముందుకు తోసిన పద్ధతి. జూనిపర్ వాళ్లు దాన్ని వాడుతూ ఆ నంబర్ మాత్రం తమది పెట్టుకున్నారు. 2012లో ఎవరో లోపల దూరి ఆ నంబర్‌నే మార్చి తమది పెట్టేశారు, కంపెనీ కనుక్కుని బయటపెట్టింది 2015 డిసెంబర్‌లో. తాళం తియ్యక్కర్లేదు, తాళమే మార్చేశారు.

ప్రశ్న: ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎమ్‌డీ ప్రాసెసర్ కొంటే ఈ గోల ఉండదా?

జవాబు: ఉంటుంది. 2013 నుంచి దానిలోనూ ప్లాట్‌ఫామ్ సెక్యూరిటీ ప్రాసెసర్ అని ఒకటి ఉంది, దాని లోపలి ప్రోగ్రామూ మనకి పూర్తిగా కనపడదు.

ప్రశ్న: మరి నేనేం చెయ్యాలి, ఎమ్ఈ తీసేసే టూల్ ఏదో ఉందంట కదా?

జవాబు: ఎమ్ఈ క్లీనర్ అని ఉంది, దానికి బయోస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ఉన్న చిప్‌ని మళ్లీ రాయాలి, తేడా కొడితే మెషీన్ బూట్ అవదు, అలవాటు లేకపోతే జోలికి పోకండి. కొత్త ల్యాప్‌టాప్ కొంటుంటే ఎమ్ఈని ఆపేసి ఇచ్చే కంపెనీలు ఒకటి రెండున్నాయి, చూసుకోండి. ఉన్న మెషీన్ అయితే బయోస్‌లో ఏఎమ్‌టీ ఆప్షన్ కనిపిస్తే, ఆఫీసు మెషీన్ కాకపోతే, ఆఫ్ చెయ్యండి, తయారీదారు సైట్ నుంచి ఫర్మ్‌వేర్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ వేసుకోండి. పైన చెప్పిన ఖాళీ పాస్‌వర్డ్ కంత, ఏఎమ్‌టీ ఉండి అప్‌డేట్ వేయని పాత మెషీన్లలో ఇప్పటికీ అలాగే ఉంటుంది, దాన్ని వాడుకోవడానికి ఎన్ఎస్ఏ అవ్వక్కర్లేదు.