పక్క కుట్టు పొట్ట మీదకొచ్చింది!

ప్రశ్న: మా వాడికి ఆన్‌లైన్‌లో టీషర్ట్ తెప్పించానండీ. 220 జీఎస్ఎం, కోంబ్డ్ కాటన్, బయోవాష్ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు, తీరా చూస్తే రెండు ఉతుకులకే పక్క కుట్టు తిరిగి పొట్ట మీదకొచ్చేసింది. జీఎస్ఎం ఎక్కువుంటే మంచి బట్ట కాదా? అసలు ఈ మాటలకి అర్థమేంటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదండీ, జీఎస్ఎం అంటే బరువు, అంతే. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్తుంది. 150 దగ్గరుంటే పల్చన, 180 మామూలుగా అందరూ వేసుకునేది, 220 దాటితే ఇప్పుడు కుర్రాళ్లు వేస్తున్న ఓవర్‌సైజ్ రకం (మే నెలలో ఖమ్మంలో అది వేసుకుని తిరిగితే మీ వాడి ఓపికకి దండం పెట్టాలి). కోంబ్డ్ అంటే పత్తిని దువ్వి పొట్టి పోగులు తీసేశాక వడికిన నూలు, అందుకే నున్నగా ఉంటుంది. బయోవాష్ అంటే ఎంజైమ్‌తో బట్ట మీద నూగు తీసేయడం, ఉండలు కట్టడం తగ్గుతుంది. ఇవేవీ అబద్ధాలు కాకపోవచ్చు, కానీ మీ సమస్యకీ వీటికీ సంబంధం లేదు.

మామూలు టీషర్ట్ బట్టని సింగిల్ జెర్సీ అంటారు. నేసింది కాదు, అల్లింది. నూలుకి వడికేటప్పుడు పెట్టిన మెలి ఉంటుంది కదా, నీళ్లు తగలగానే అది విప్పుకోవాలని చూస్తుంది, దాంతో అల్లిక వరసలన్నీ ఒకవైపు ఒరిగిపోయి కుట్టునీ లాక్కెళ్తాయి. ఫ్యాక్టరీలో బట్టని సరిగ్గా సెట్ చెయ్యకపోయినా, వంకరగా కత్తిరించినా ఇంకా ఎక్కువ తిరుగుతుంది.

ఈసారి పార్సిల్ రాగానే, ఉతక్కముందే, పక్క కుట్టు దగ్గర కళ్లు పెట్టి చూడండి, సన్నగా నిలువు గీతలు కనిపిస్తాయి. అవి కుట్టు వెంటే దిగితే పర్లేదు, ఏటవాలుగా వెళ్లి కుట్టుకి గుద్దుకుంటుంటే మాత్రం రిటర్న్ పెట్టేయండి. మెడ చుట్టూ ఉండే సాగే అంచుని (రిబ్ అంటారు) లాగి వదిలి చూడండి, లైక్రా అనే సాగే దారం కలిసుంటే టక్కున వెనక్కి వస్తుంది. లోపల ఒక భుజం నుంచి మెడ వెనక మీదుగా రెండో భుజం దాకా పట్టీ వేసుంటే ఇంకా మంచిది, భుజాలు సాగవు.

తిరిగిపోయినదాన్ని ఇస్త్రీ చేసి లాగినా మళ్లీ ఉతికితే అదే కథ, రాత్రిళ్లు వేసుకోమనండి.