స్నేహితురాలి కుక్కను చూసుకుంటే డబ్బులు అడగొచ్చా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పక్క బ్లాకులో ఉండే నా స్నేహితురాలికి ఒక లాబ్రడార్, రెండు పిల్లులు ఉన్నాయి. వాళ్లు ఊరెళ్లినప్పుడల్లా కుక్కను మా ఇంట్లో వదిలి, పిల్లులకు తిండి పెట్టమని తాళంచెవి ఇచ్చి వెళ్తారు. మొదట్లో ఒకటి రెండు రోజులే. మొన్న సంక్రాంతికి ఏకంగా తొమ్మిది రోజులు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. 'నీకేం, ఇంట్లోనే ఉంటావుగా' అంటుంది. ఆ పండగలో కుక్కకు విరేచనాలు పట్టుకుంటే డాక్టర్‌ ఫీజు, మందులు నేనే పెట్టుకున్నాను. తిరిగొచ్చాక అరిసెల డబ్బా ఇచ్చింది కానీ ఖర్చు మాట ఎత్తలేదు. కుక్క పూజగది దగ్గర తిరుగుతోందని మా అత్తయ్య గొడవ. ఇప్పుడు మే నెలలో మూడు వారాలు అమెరికాలో వాళ్ల అక్క దగ్గరికి వెళ్తున్నారట. టికెట్లు కొన్నాక చెప్పింది. డబ్బులు అడిగితే 'మన మధ్య డబ్బులేంటి' అనుకుంటుందేమోనని టెన్షన్. మావారేమో 'అడుగు, లేదంటే మానేయ్' అంటున్నారు. ఏం చేయను?
– ఓ సోదరి

జవాబు: అడగొచ్చు. మీరేదో తప్పు చేయబోతున్నట్టు భయపడుతూ రాశారు కాబట్టి ఆ మాట ముందే చెబుతున్నాను. అయితే మీ మనసులో రెండు లెక్కలు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే సగం బరువు దిగుతుంది.

మొదటిది మీ చేతి నుంచి పోయిన డబ్బు. డాక్టర్‌ ఫీజు, మందులు, తిండి అయిపోతే మీరు కొన్నది. ఇందులో మొహమాటానికి తావే లేదు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలోని 158వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. ప్రతిఫలం లేకుండా ఒకరి సొత్తును భద్రంగా చూసిపెట్టినా, అందుకైన అవసరమైన ఖర్చును సొంతదారు తిరిగి ఇవ్వాలి. అదే చట్టంలో మరోచోట, చూసుకోమని అప్పగించిన ఆవు ఈనితే దూడను కూడా తిరిగి అప్పజెప్పాలన్న ఉదాహరణ ఉంది. అంటే పశువుల సంగతి కూడా ఆలోచించే రాశారు. మిమ్మల్ని కోర్టుకెళ్లమని కాదు, మీరు అడుగుతున్నది దానం కాదని చెప్పడానికే ఇదంతా. బిల్లులు ఫొటో తీసి ఇవాళే పంపండి. 'పండగప్పుడు డాక్టర్‌ దగ్గర ఇంతయింది. అప్పుడే చెప్పాల్సింది, మొహమాటపడ్డాను. వీలు చూసుకుని పంపు' అని రాస్తే చాలు. ఆమెకు నిజంగా గుర్తు లేకపోయి ఉండొచ్చు, ఖర్చయిన సంగతే మీరు చెప్పి ఉండకపోవచ్చు.

రెండోది మీ శ్రమ. సంక్రాంతి తొమ్మిది రోజుల శ్రమకు ఇప్పుడు రేటు కట్టకండి. అప్పుడు సరేనని ఒప్పుకున్నారు, ఆమె ఉచితమనే అనుకుంది. ముందు చెప్పకుండా ఇప్పుడు అడిగితే ఆమెకు కోపం రావడంలో న్యాయం ఉంటుంది. రాబోయే మూడు వారాల సంగతి వేరు. దానికి ఇంకా మీరు ఊ అనలేదు.

'మన మధ్య డబ్బులేంటి' అన్న మాటకు భయపడకండి. మన ఊళ్లలో మేకనో గొర్రెనో ఒకరికి పెంపకానికి ఇస్తే పుట్టిన పిల్లల్లో పెంచినవాళ్లకు వాటా ఇస్తారు. అయినవాళ్ల మధ్య కూడా ఈ ఒప్పందం ముందే నోటితో అనుకుంటారు. దాంతో బంధుత్వాలేమీ చెడిపోలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు విషయం కాదు, 'నీకేం, ఇంట్లోనే ఉంటావుగా' అన్న మాట. మీరు మీటింగ్‌లో ఉంటారు, కుక్క తలుపు దగ్గర నిలబడి మూలుగుతూ ఉంటుంది. కాల్ మ్యూట్‌లో పెట్టి కిందికి పరిగెత్తాలి. పైకొచ్చేసరికి ఆరేసిన బట్టల నిండా వెంట్రుకలు, హాల్లో అత్తయ్య సణుగుడు. ఇవేవీ ఆమె చూడలేదు. ఇంటి నుంచి చేసే ఉద్యోగాన్ని, ముఖ్యంగా ఆడవాళ్లది, ఖాళీగా ఉండటమని లెక్కవేసే అలవాటు మన చుట్టూ చాలామందికి ఉంది. ఆమె రేపు మీ చేతిలో డబ్బు పెట్టినా ఆ మాట మీలో మిగిలే ఉంటుంది. అందుకే దాన్ని విడిగా, ఎదురుగా కూర్చుని చెప్పండి: 'నువ్వలా అన్నప్పుడు నాకు కష్టంగా అనిపించింది. నాది కూడా ఉద్యోగమే.' ఇది మెసేజ్‌లో రాసే మాట కాదు.

ఇక మే నెల. నా అభిప్రాయం సూటిగా చెబుతాను, కుక్కను మూడు వారాలు మీ ఇంట్లో పెట్టుకోకండి. డబ్బిచ్చినా వద్దు. నడివేసవి ఎండలో తారు రోడ్డు మీద కుక్క పాదాలు కాలిపోతాయి కాబట్టి తెల్లవారుజామునా, బాగా పొద్దుగూకాకా తిప్పాలి. పిడుదుల బెడద ఉంటుంది, వాటితో జ్వరం కూడా రావచ్చు. కుక్క ఎవరినైనా కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్‌ దగ్గరికి వెళ్లాల్సిందే, కుక్కకు టీకా వేయించి ఉన్నా సరే. ఉద్యోగం, పెద్దావిడ ఉన్న ఇంట్లో ఇంత బాధ్యత మీ ఒక్కరి మీదే పడుతుంది. పైగా అది మీ అత్తయ్య ఇల్లు కూడా. ఆవిడ ఇష్టాయిష్టాలను స్నేహం కోసం పక్కన పెట్టడం సబబు కాదు. లాబ్రడార్‌ను మంచి బోర్డింగ్‌లో పెట్టమనండి. ముందు ఒక రాత్రి ఉంచి చూస్తే దానికి అక్కడ పడుతుందో లేదో తెలుస్తుంది. టీకాల పుస్తకం ఎలాగూ అడుగుతారు.

పిల్లుల విషయం అలా కాదు. వాటికి చోటు మారితేనే బెంగ. సొంతింట్లో ఉండనిచ్చి రోజుకు రెండుసార్లు వెళ్లి రావడం మీకు వీలయ్యే పని. దీనికి డబ్బు తీసుకోండి. ఇంటికొచ్చి చూసేవాళ్లు ఎంత తీసుకుంటున్నారో రెండు మూడు చోట్ల కనుక్కుని, అందులో మీకు తృప్తిగా అనిపించే మొత్తం ఆమెతోనే అనుకోండి. కొంత అడ్వాన్సు, వైద్యం ఖర్చుకు విడిగా ఇంకొంత. డాక్టర్‌ నంబరు, ఎంతవరకు ఆమెను అడగకుండా ఖర్చుపెట్టవచ్చో ఒక మెసేజ్‌గా రాయించుకోండి, అమెరికాలో వాళ్లకు అర్ధరాత్రి అయినప్పుడు అదే పనికొస్తుంది. పిల్లి ఒకరోజంతా తినకపోతే రేపు చూద్దాంలే అనుకోకండి, వరసగా కొన్ని రోజులు పస్తుంటే కాలేయం దెబ్బతింటుంది. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వేయొద్దు, పిల్లికి అది విషం.

డబ్బు వద్దనిపిస్తే అదీ మీ ఇష్టమే. అప్పుడు బదులుగా ఏం కావాలో పైకి చెప్పండి. చెప్పకుండా ఆమే గ్రహిస్తుందని చూస్తే మళ్లీ అరిసెల డబ్బా దగ్గరే ఆగిపోతారు.

ఆమె ముఖం ముడుచుకోవచ్చు. నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ నాలుగు రోజుల్లో కంగారుపడి 'సర్లే, కుక్కను కూడా వదిలి వెళ్లు' అనొద్దు, ఇదొక్కటే నేను గట్టిగా కోరేది. సెలవుల్లో బోర్డింగ్‌లు త్వరగా నిండిపోతాయి. ఈ వారంలోనే చెబితే ఆమెకు వెతుక్కునే వ్యవధి ఉంటుంది.