సింథసిస్ ప్రొఫెసర్ అవుతానంటోంది, ఆపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి ఏడాది. సింథసిస్‌లో (చిన్న అణువుల నుంచి స్టెప్పు స్టెప్పుగా కావాల్సిన పదార్థం తయారుచేయడం) పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. ఇప్పుడు రియాక్షన్లు కూడా ఏఐ చెప్పేస్తోందట కదా, డేటా సైన్స్‌కి మారమంటే వినట్లేదు. రెండిట్లో ఏది మంచిదో చెప్పండి.

జవాబు: సబ్జెక్టు పేరు మారుతుంది గానీ ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుందండి. మీ అసలు బెంగ ఏఐ కాదు, తన ఈడు పిల్లలంతా సంపాదిస్తుంటే మీ అమ్మాయి ఇంకా చదువుతూనే ఉంటుందేమో అని. అందులో నిజం ఉంది. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు పట్టొచ్చు, పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగానికి, ఇంకో రెండు మూడేళ్ళు, అంతా అయ్యాక కూడా ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోటీ పడేవాళ్ళు ఎక్కువ.

ఇక ఏఐ. సింథసిస్ రూట్లు, అంటే ఏ స్టెప్పు తర్వాత ఏ స్టెప్పు అన్న ప్లాన్లు, కంప్యూటర్‌తో వేయించొచ్చని కోరీ, విప్కే అనే కెమిస్టులు 1969లోనే పేపర్ రాశారు, ఆ కోరీకి 1990లో నోబెల్ కూడా వచ్చింది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఇంకా మెరుగు, కాదనను. కానీ రూట్ వేయడంతో పని అయిపోదుగా. ఇరవై స్టెప్పుల్లో ఒక్కోదానికి 90 శాతం యీల్డ్ వచ్చినా, అంటే రావాల్సినదాంట్లో వందకి తొంభై వంతులు చేతికొచ్చినా, చివరికి మిగిలేది 12 శాతమే, అదీ అన్నీ సవ్యంగా నడిస్తే. మిశ్రమంలో ఏమేం ఉన్నాయో మచ్చలుగా చూపించే టీఎల్‌సీ ప్లేట్ మీద ఒక్క మచ్చ రావాల్సిన చోట మూడొస్తే అందులో మనకి కావాల్సిందేది, విడదీయడానికి సిలికా పొడి నింపిన కాలమ్‌లో వేస్తే ఆ సిలికా తగిలి అదే పాడైపోతోందా, ఇవన్నీ మళ్ళీ మళ్ళీ చేసి అణువు నిర్మాణం చూపించే ఎన్‌ఎంఆర్ తీసి తేల్చుకోవాల్సినవి. నిజం చెప్పాలంటే నాకు అనుమానం ఉన్నది ఆ డేటా సైన్స్ మీదే. కెమిస్ట్రీ వదిలేసి ఆర్నెల్ల కోర్సు చేస్తే, అదే కోర్సు చేసి అదే ప్రాజెక్టు రెజ్యూమేలో పెట్టుకున్న వాళ్ళ వెనకాల లైన్లో నిలబడాలి. సింథసిస్ వచ్చిన మనిషి పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకుంటే అది వేరే సంగతి, అది పక్కన నేర్చుకోవచ్చు.

ప్రొఫెసర్ బతుకు ఎలా ఉంటుందంటారా, ఫ్లాస్క్ పట్టుకునేది తక్కువ, గ్రాంట్ ప్రపోజల్సూ క్లాసులూ స్టూడెంట్ల పేపర్లు దిద్దడమే ఎక్కువ. ఓపిక కావాలి. విటమిన్ బీ12 సింథసిస్‌కి వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ అనే ఇద్దరు కెమిస్టుల గ్రూపులు కలిపి వంద మంది దాకా పదేళ్ళకు పైగా కష్టపడితే 1972కి పూర్తయింది. పేరు ఇద్దరిది, చేతులు వందమందివి. ఆ చేతుల్లో ఒకటిగా ఏళ్ళ తరబడి ఉండగలదా అన్నది ఆమె తేల్చుకోవాలి.

ఒక మాట, ఏమనుకోకండి. మీరు రాసినదాంట్లో వాళ్ళూ వీళ్ళూ అన్నదే ఉంది, ఆమెకి ల్యాబ్‌లో ఏం నచ్చిందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

ప్రొఫెసర్ కాకపోతే రోడ్డున పడదు లెండి. మందుల కంపెనీల్లో ప్రాసెస్ కెమిస్ట్రీ (ఫ్యాక్టరీ స్థాయిలో తయారీ), మెడిసినల్ కెమిస్ట్రీ (కొత్త మందుల అణువులు రూపొందించడం), పురుగుమందుల తయారీ, పేటెంట్లు, అన్నిచోట్లా ఈ చేతిపని తెలిసినవాళ్ళు కావాలి. జాగ్రత్త పడాల్సింది గైడ్ విషయంలో. జాయినయ్యే ముందు ఆ గ్రూపులో పాత స్టూడెంట్లతో మాట్లాడి ఎన్నేళ్ళు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు అని కనుక్కోమనండి. ఆమెనే కనుక్కోనివ్వండి, మీరు ఫోన్ చేయకండి.