మూడో తరగతి పిల్లాడికి అప్పుడే స్పోర్ట్స్ కెరీరా?

ప్రశ్న: మాది నెల్లూరు, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. మూడో తరగతి చదివే మా బాబుని ఫుట్‌బాల్ అకాడమీలో చేర్చాం. మ్యాచ్ ఓడితే ఒకటే ఏడుపు. మావారు దీన్ని మాన్పించి బ్యాడ్మింటన్‌లో వేద్దాం, అందులో అయితే వాడి కష్టానికి వాడే పైకొస్తాడు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: అమ్మా, ఆట పేరు మారుతుందేగానీ ఈ ప్రశ్న నాకు ప్రతి వారం వస్తుంది. పక్క ఫ్లాట్ పిల్లాడు ముందుకెళ్లిపోతున్నాడు, మావాడు ఏమైపోతాడో అన్నదే లోపలి భయం. ఎనిమిదేళ్లకి ఎవరూ వెనకబడిపోరు, ముందు ఆ టెన్షన్ దించుకోండి.

ఏడిస్తే ఏడవనివ్వండి. టీమ్ గేమ్‌లో ఓడితే పక్కన ఇంకో నలుగురు కూడా ఓడి ఉంటారు, ఆ వయసులో అదే పెద్ద ధైర్యం. మొన్న బెళ్లందూరు దగ్గర ఒక టర్ఫ్‌లో పిల్లల మ్యాచ్ చూశాను. ఆరు గోల్స్ తిన్న కీపర్ పిల్లాడు వలకి మొహం ఆనించి వెక్కుతుంటే, వాడికంటే పొట్టిగా ఉన్న ఒక పాప వచ్చి తన వాటర్ బాటిల్ మూత తీసి చేతిలో పెట్టింది, మాటా పలుకూ లేదు. కాసేపటికి ఇద్దరూ చిప్స్ ప్యాకెట్ కోసం కొట్టుకుంటున్నారు! ఏ ట్యూషన్‌లో నేర్పుతారండీ ఇది?

అక్కడే ఒక నాన్నగారు గ్రౌండ్ అంచు గీత పక్కన నిలబడి "షూట్, షూట్" అని అరుస్తుంటే వాళ్లబ్బాయి బంతిని వదిలేసి ఆయన మొహమే చూస్తున్నాడు. మీవారిని అన్నానని అనుకోవద్దు, సరే, కొంచెం అనుకున్నా పర్వాలేదు. ఇంటికెళ్లేటప్పుడు కారులో మ్యాచ్‌కి పోస్ట్‌మార్టం చేసే ఇంట్లో ఏ ఆట పెట్టినా పిల్లాడు ఏడుస్తాడు, బ్యాడ్మింటన్‌లో అయితే ఒంటరిగా ఏడుస్తాడు.

ఇక "స్టేట్ లెవెల్‌కి తయారుచేస్తాం, ఎలైట్ బ్యాచ్" అనే అకాడమీలంటే నాకు మొదటినుంచీ అనుమానమే. నార్వేలో చిన్నపిల్లలకి క్లబ్బు పోటీలుంటాయి గానీ, 11 ఏళ్లు వచ్చే సంవత్సరం దాకా ర్యాంకులు, పాయింట్ల పట్టికలు ఉండవు. ఆ దేశమే 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో అందరికంటే పైన నిలిచింది. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ కూడా ఒకే ఆటకి అంకితం కావడాన్ని 15, 16 ఏళ్ల దాకా ఆపమంటుంది. మన దగ్గర మాత్రం పాలపళ్లు ఊడకముందే కిట్ బ్యాగ్ మీద పేరు కుట్టించేస్తాం.

ఫుట్‌బాలా, బ్యాడ్మింటనా అంటే, రెండూ ఆడనివ్వండి, ఖోఖో దొరికితే అదీ. కోచ్‌ని ఒక్క మాట అడగండి, మ్యాచ్‌లో పిల్లలందరినీ ఆడిస్తారా, గెలవడం కోసం కొందరినే దింపి మిగతావాళ్లని బెంచీ మీద కూర్చోబెడతారా అని. రెండోదైతే ఫీజు ఎంత కట్టేసినా సరే, మార్చేయండి.

ఈ ఆదివారం మీవారిని కూడా మ్యాచ్‌కి తీసుకెళ్లండి, గ్రౌండ్ గీతకి దూరంగా కూర్చోబెట్టండి. తిరిగొచ్చేటప్పుడు స్కోరు ఊసెత్తకుండా దారిలో దోసె తిందామా అని అడగమనండి.