వేళ్లు మొద్దుబారకుండా ముందు గాలిని ఆపండి

అన్నా, పొద్దున 5 గంటలకు శామీర్‌పేట నుంచి బయల్దేరితే గచ్చిబౌలి చేరేసరికి ఉన్ని గ్లవ్స్ వేసుకున్నా వేళ్లు మొద్దుబారి బ్రేకు పట్టలేకపోతున్నానని, బండి కూడా సెల్ఫ్ తీసుకోవట్లేదని రాశారు. ముందు వేళ్ల సంగతి చూడండి, అది ప్రమాదం.

10 డిగ్రీల చలిలో 60 స్పీడులో వెళ్తే ఒంటికి దాదాపు 5 డిగ్రీల్లా తగులుతుంది. ఉన్ని గ్లవ్స్ సందుల్లోంచి గాలి దూరిపోతుంది, అందుకే మీకు పనిచేయట్లేదు. గాలి చొరబడని గ్లవ్స్ కాస్త వదులుగా ఉండేవి తీసుకోండి. బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడక ఇంకా తిమ్మిరెక్కుతుంది. హ్యాండిల్‌కి చేతుల ముందు గాలిని ఆపే హ్యాండ్ గార్డులు కూడా వేయించండి. నాకు వాటితోనే సగం బాధ తగ్గింది.

ఇంకో మాట. ఛాతీ చల్లబడితే శరీరం చేతులకు రక్తం తగ్గించేస్తుంది. విండ్‌చీటర్ లేని రోజుల్లో మా నాన్న చొక్కాకీ స్వెట్టర్‌కీ మధ్య న్యూస్‌పేపర్ మడిచి పెట్టుకునేవారు. నేను ఇప్పటికీ అదే చేస్తాను, నిజంగా వెచ్చగా ఉంటుంది. మఫ్లర్ కొసలు మాత్రం వేలాడనివ్వకండి, చక్రంలో పడితే ప్రాణం మీదికొస్తుంది.

హీటెడ్ గ్రిప్స్, అంటే కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ పిడులు, ఇప్పుడే వద్దు. అవి 30, 40 వాట్లు లాగుతాయి, మీ బ్యాటరీ ఇప్పటికే నీరసంగా ఉన్నట్టుంది. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.4 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే ఛార్జింగ్ పెట్టించండి. టెర్మినల్స్ మీద తెల్లటి పొడి ఉంటే తుడిచి వ్యాజలిన్ రాయండి. అప్పటిదాకా, కిక్ ఉంటే మొదటి స్టార్ట్ దాంతోనే చేయండి.

బ్యాటరీ ఎన్నేళ్లదో రాయండి.